సాంటియాగోలో మిశ్రచాపు

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ పార్కులో బార్బీ పొయ్యి దగ్గర చికెన్ కాల్చే పటకారు పట్టుకున్నాడంటే శ్రీపతికి నోరు ఆగదు. ఆ ఆదివారం అసలే ఆగలేదు. ఉగాది మ్యూజిక్ నైట్ ఎవరికి అప్పజెప్పాలో తెలుగు సంఘం ప్రెసిడెంటు బాలమురళి అంకుల్ ఆ సాయంత్రమే తేల్చబోతున్నారు. మైకు పట్టుకుని స్టేజీ మీద నిలబడ్డ తనని శ్రీపతి అప్పటికే మనసులో చూసేసుకున్నాడు.

"ఆఫీసు పని మీద చిలీ వెళ్లానా, సాంటియాగోలో పియెద్రా లార్గా అని ఓ బ్యాండు. ఎలక్ట్రిక్ గిటారుకి కొండవాళ్ల వేణువు కలిపి, ఒక్కో పాటని అరగంట సాగదీసిన మొట్టమొదటి మహానుభావులు. ఇప్పుడందరూ తాతలైపోయారనుకోండి. పాట ఏడు దెబ్బల మీద నడుస్తోంది, డ్రమ్మరు తాత తడబడ్డాడు. నేను ఫ్రంట్ రోలో కూర్చుని తొడ మీద మిశ్రచాపు వేశాను, అంతే, నన్ను చూసి దార్లో పడ్డాడు."

"తర్వాత?" అన్నాడు కనకరాజు ప్లేటు చాపుతూ. అతనికి కావలసింది చికెన్.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను స్టేజీ మీదికి లాగేశారు. డ్రమ్స్ నాకిచ్చి ఆ తాత పక్కన చేతులు కట్టుకు నిలబడ్డాడు. అరగంట పాట తెల్లారేదాకా నడిచింది. మధ్యలో భూకంపం. జనం పరిగెత్తబోతే ఆగండన్నాను. చెబితే నమ్మరు అంకుల్, భూమి కూడా ఏడు దెబ్బలకే ఊగింది, నేను ముక్తాయింపు వేశాకే ఆగింది. వాళ్ల మంత్రిగారొచ్చి ఇక్కడే ఉండిపొమ్మని ఒకటే గొడవ. సోమవారం ఆఫీసులో స్టాండప్ మీటింగ్ ఉందని చెప్పి వచ్చేశాను."

బాలమురళి అంకుల్ తలూపుతుంటే శ్రీపతికి ప్రాణం లేచొచ్చింది.

పిల్లలకి సంగీతం చెప్పే వసుంధర ఆంటీ మాత్రం మొక్కజొన్న కంకి పక్కన పెట్టింది. "ఆ పాట మాకూ వినిపించకూడదూ?"

"డాడ్, ఫౌండ్ ఇట్," అంది శ్రీపతి కూతురు లాస్య, ఫోన్ పైకెత్తి. తండ్రికి సాయం చేస్తున్నాననే అనుకుంది పాపం.

"రెండావర్తాలు తాళం వేసి చూపించు నాయనా, మేమూ నేర్చుకుంటాం," అంది వసుంధర ఆంటీ.

పటకారు కింద పెట్టక తప్పలేదు. ఫోన్లో పాట మొదలైంది. శ్రీపతి చేతికి తెలిసింది ఎనిమిది దెబ్బల భజన తాళం ఒక్కటే. ఏడు దగ్గర పాట మలుపు తిరిగితే అతను ఎనిమిదో దెబ్బ వేశాడు. మళ్లీ వేశాడు. పాట దాని దారిన అది పోయింది.

"రికార్డింగ్‌లోనే ఏదో తేడా ఉందండీ," అన్నాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడందిట.

"మ్యూజిక్ నైట్ వసుంధర చూసుకుంటుందిలే," అన్నారు బాలమురళి అంకుల్ నెమ్మదిగా. "నువ్వు కార్ పార్కింగ్ చూడు శ్రీపతీ. అక్కడ తాళంతో పనిలేదు, చెయ్యి ఊపితే చాలు."