మోకాళ్ళ మధ్య పిడికిలి

మెహదియా ఊళ్ళో, సముద్రానికి దగ్గరగా ఒక ఇల్లు. పొద్దున పూట సిహెమ్ సంచీ సర్దుకుంటోంది. చెల్లెలు ఓల్ఫా తలుపు దగ్గర నిలబడి ఉంది. ఇద్దరూ ఊరి హ్యాండ్‌బాల్ జట్టులో గోల్‌కీపర్లే. అక్కది ఒకటో నంబరు జెర్సీ, చెల్లెలిది పన్నెండు. జట్టు సముద్రం అవతల మార్సెయ్‌లో ఆడటానికి వెళ్తోంది, ఒక్క కీపర్‌కే చోటుంది.

"ఆ బూడిద రంగు ప్యాంటు నాది, అక్కా."

"నాదీ బూడిద రంగే."

"మోకాలి దగ్గర కుట్టు చూడు. నేను వేసుకున్న కుట్టు అది."

"తీసుకో తల్లీ. మార్సెయ్‌లో నీ ప్యాంటు వేసుకుని నిలబడితే నాకు పేరొస్తుందా ఏంటి?"

"నీకు ఏది వేసుకున్నా పేరొస్తుందిలే. హరీసా కారం సీసా చొక్కాల మధ్య పెట్టకు. కారుతుంది."

"అమ్మ పెట్టమంది."

"నాకెప్పుడూ పెట్టలేదు అమ్మ."

"పెట్టటానికి నువ్వెప్పుడు వెళ్ళావు?"

"అదే అంటున్నా."

"అలా నిలబడి చూడకు. దిష్టి తగులుతుంది."

"గుమ్మానికి చేప బొమ్మ వేలాడుతోందిగా. నా కళ్ళు దాన్ని దాటి రావులే."

"నీ కళ్ళు దేన్నయినా దాటతాయి."

"మంచం కింద నీ చెప్పులున్నాయి. వంగి తీసుకో."

"నువ్వు తియ్యి."

"వంగలేవు కదూ?"

"వంగగలను. వంగాలని లేదు, అంతే."

"నిన్న టాక్సీ దిగేటప్పుడు కుడికాలు రెండు చేతులతో పట్టుకుని కిందికి దింపుకున్నావు. చూశాను."

"చూస్తావు. నీకు వేరే పనేముంది?"

"గజ్జలో నొప్పి తగ్గలేదు, అక్కా."

"రంజానంతా పడుకున్నాను. తగ్గింది."

"పడుకుంటే తగ్గింది. లేచి ఆడితే? మొదటి మ్యాచ్‌లోనే కాళ్ళు బార్లా చాపి బంతి ఆపావు, గోడ పట్టుకుని ఇంటికొచ్చావు. విశ్రాంతి ఇస్తే నొప్పి నిద్రపోతుంది గానీ కండకి బలం రాదని డాక్టర్ లోత్ఫీ మొత్తుకున్నాడుగా. మోకాళ్ళ మధ్య బంతి పెట్టుకుని రోజూ నొక్కమన్నాడు. మూడు నెలలు. చేశావా?"

"మూడు నెలలు గోల్‌లో నువ్వు నిలబడతావు. దానికోసం చెయ్యాలా?"

"అందుకా చెయ్యలేదు?"

"ప్యాంటు తీసుకుని వెళ్ళు. లోత్ఫీ నిన్నే చూశాడు. మోకాళ్ళ మధ్య తన పిడికిలి పెట్టి నొక్కమన్నాడు, నొక్కాను. పదికి నొప్పి ఎంత అన్నాడు, రెండన్నాను. రెండైతే ఆడొచ్చు. అయిపోయింది."

"ఐదు దాటితే?"

"ఐదు దాటితే నువ్వు వెళ్తావు. ఆ సంగతి నీకు నిద్దట్లో లేపి అడిగినా వచ్చుగా."

"నువ్వు నొక్కలేదు."

"ఏంటి?"

"నొక్కినట్టు పట్టుకున్నావు. మడమలు బల్లకి తన్నిపెట్టి, మొహం ఎర్రగా చేసుకుని, తొడ లోపలి కండని కదపనే లేదు. నొక్కకపోతే నొప్పెందుకు వస్తుంది?"

"నీకెలా తెలుసు?"

"పోయినేడు నాకు తుంటి పట్టేసినప్పుడు నేనూ అదే చేశాను."

"దొంగమొహమా. నా చోటు కోసమా?"

"నీ చోటు పక్కన, అదనపు కీపర్ కుర్చీ కోసం. అది కూడా పోతుందేమోనని."

"ఇంకో ఏడాది ఆగలేవా?"

"నువ్వు ఆగుతావా? అక్కడి క్లబ్బువాళ్ళకి కీపర్ కావాలిట, మ్యాచ్‌లు చూడటానికి వస్తారుట. మొదటి సగంలోనే నీ కాలు పోతే నీకూ పోయింది, నాకూ పోయింది."

"నా కాలంటే ఎంత ప్రేమ."

"ప్రేమ కాదు. నాకు వెళ్ళాలనుంది. నీ కాలు పోవాలని లేదు. రెండూ నిజమే."

"నేను వెళ్తే నా అద్దం, నా మంచం, ఇక్కడి గోలు అన్నీ నీవేగా. చాలదా?"

"కోచ్ మున్సిఫ్ నన్ను మెచ్చుకున్న రోజు నువ్వు కుస్కుస్ ముట్టలేదు."

"ఉప్పెక్కువైంది."

"నేనే వండాను."

"అందుకే."

"పడుకో, అక్కా."

"దేనికి?"

"నా పిడికిలి పెడతాను. నొక్కు. రెండే వస్తే నీ సంచీ నేనే బస్సు దాకా మోస్తాను."

"నీ వేళ్ళు విరుగుతాయి."

"విరగ్గొట్టు. ఎన్నాళ్ళ నుంచో ఉందిగా నీకు."

"ఉంది."

"మోకాళ్ళు మడుచుకో. ఇదిగో. నొక్కు మరి. ఇంతేనా? అమ్మ రొట్టెపిండి ఇంతకన్నా గట్టిగా నొక్కుతుంది."

"ఓల్ఫా, ఊరుకో."

"నువ్వు ఓడెక్కాక నెలకల్లా నిన్ను మరిచిపోతారు. ఒకటో నంబరు నాకే నప్పుతుందని మున్సిఫ్ గారి భార్య కూడా..."

"నోరు ముయ్యి."

"అబ్బా. వేళ్ళు. అక్కా, వేళ్ళు, వదులు... అక్కా? ఏడుస్తున్నావా?"

"లేదు."

"ఎంత? పదికి ఎంత?"

"ఎనిమిది."

"నేను నిన్ను ఏడిపించాలని..."

"ఎనిమిదన్నాను. వినపడలేదా? సంచీలోంచి నా బట్టలు తియ్యి."

"వద్దక్కా. నేను ఎవరికీ చెప్పను."

"లోత్ఫీకి నేనే ఫోన్ చేస్తాను. నీ మీద కోపంతో నొక్కినంతగా నేను ఆటకోసం ఎన్నడూ నొక్కలేదు. కాలు తెగేలా ఉంది. ప్యాంటు పెట్టుకో. హరీసా ఉండనీ."

"జెర్సీ?"

"నీ పన్నెండు నువ్వు తీసుకుపో. ఒకటి ఇక్కడే ఉంటుంది. మూడు నెలలూ బంతి నొక్కి, అప్పుడు వేసుకుంటాను."

"నేను రాగానే నీ చోటు నీకే. ప్రమాణం చేస్తున్నా."

"ప్రమాణాలు తరవాత. బస్సు వెళ్ళిపోతుంది."

"అమ్మ ఇంకా రాలేదే."

"బట్టీ దగ్గర రొట్టెలకి నిలబడి ఉంటుంది. నేను చెప్తాలే."

"నా వెనకాల నీళ్ళు పోస్తావుగా?"

"పోస్తాను. వెళ్ళు."

"రొట్టెలు ఇప్పటికి దొరికాయి. సిహెమ్, సంచీ ఏది? బస్సుకి నువ్వింకా బయల్దేరలేదేం? ఓల్ఫా ఎక్కడ?"

"వెళ్ళిందమ్మా. నా బదులు."

"నీ బదులా? నీ కాలేనా?"

"కాలే."

"ఈ వేడి రొట్టెలు దానికైనా పెట్టేదాన్ని కదా. సరే, వెళ్ళినవాళ్ళు తిరిగి రావాలిగా, వెనకాల గడప మీద నీళ్ళు పోశావా?"

"పోశాను."

"గడప పొడిగా ఉందే."

"ఎండకి ఆరిపోయింది."

"చెంబు నిండుగా ఉంది, తల్లీ."

1993 ఏప్రిల్ పద్దెనిమిదిన జట్టు తిరిగొచ్చి తూనిస్ రేవులో ఓడ దిగింది. ఓల్ఫా మార్సెయ్‌లో కీపర్‌గా ఉండిపోయింది, ఆ గడపకి మళ్ళీ రాలేదు.