ఎవరి బిడ్డవని అడిగే బావి

రండి, దగ్గరికి జరగండి, జపమాల అయిపోయిందిగా, ఆ చాప ఇటు లాగండి. ఏమే మరియా, గోడకి ఆనుకోకు, నిద్రపోతావు. మిరప చేల అవతల చింతచెట్టు కింద ఉపదేశి బావి ఉందే, మిట్టమధ్యాహ్నం గేదెలు కూడా ఆ నీడకి పోవు, ఎప్పుడన్నా గమనించారా? ఎందుకు పోవో చెబుతా, వినండి.

ఆ బావి తవ్వించింది ఉపదేశి రాయప్ప. ఫాదరుగారు లేని రోజుల్లో ఊళ్లో ప్రార్థన చెప్పించేది ఆయనే. ఈ ఊళ్లో మొట్టమొదట జ్ఞానస్నానం పొందింది ఆయన తాత, గుడి గోడలో రాయి మీద పేరుంది. ఆ పేరు చూపించి, మా వంశానికి మోక్షం ఎప్పుడో ఖాయమైంది అనేవాడట. కరువొచ్చిన ఏడు అన్ని బావులూ ఎండి ఆ ఒక్కదాంట్లోనే నీళ్లుంటే, ఆయన గట్టు మీద కూర్చుని, చేద తన చేతిలో పెట్టుకుని, వచ్చినవాళ్లనల్లా ఎవరి బిడ్డవు అని అడిగేవాడు. పాత విశ్వాసుల ఇళ్లవాళ్లకి ముందు, మిగతావాళ్లు ఆగాలి. ఒక మధ్యాహ్నం పరాయి ఊరి నిండుచూలాలు వచ్చి దాహమంది. ఎవరి బిడ్డవంటే తండ్రి పేరేదో చెప్పింది, ఈయనకి తెలీలేదు, ఆగమన్నాడు. ఆగింది. చింతచెట్టు మొదట్లో ఆగి, ఆగి, అక్కడే ప్రాణం వదిలింది. వారం తిరక్కుండా రాయప్పా పోయాడు. పోయినవాడు పోవాలా వద్దా? పోలేదు.

తరవాత ఆ బావీ ఎండిపోయింది గానీ, మధ్యాహ్నం అటు పోతే లోపల్నుంచి గొంతు. ఎవరి బిడ్డవు? మన ఊళ్లో ఆ మాట అడిగితే ఎవరి నోరు ఊరుకుంటుంది చెప్పండి? తాత పేరు దానంతటదే వచ్చేస్తుంది. అలా చెప్పినవాళ్లకి ఆ పూటే నాలుక పిడచగట్టుకుపోయి, కడవలు కడవలు తాగినా దాహం తీరక, మూడోనాటికి పోయేవాళ్లు. ముగ్గురు పోయారు. ముగ్గురూ పేరున్న ఇళ్లవాళ్లే.

ఇక మా అత్త శౌరమ్మ సంగతి. ఆవిడ దొంగ గంగులు కూతురు. దొంగ నెత్తురని గుళ్లో కూడా వెనక వరసలోనే కూర్చోబెట్టేవాళ్లు. ఒక ఎండాకాలం గాజులమ్మే ముసలాయన సంగతి తెలీక ఆ చెట్టు కిందికి పోయి కూలబడ్డాడు. దాహం, దాహం అంటున్నాడు. జనం చేను గట్టు మీద నిలబడి చూస్తున్నారు గానీ ఒక్కరూ అడుగు వెయ్యరు. కూలివాళ్లకి నీళ్లబిందె మోసుకొస్తూ మా అత్త చూసింది. నిన్నడిగితే ఏ ముఖం పెట్టుకుని చెబుతావే, అని ఎవరో నవ్వారు కూడా. అప్పుడు ఆవిడ కడుపులో ఉన్నది నా మొగుడే.

బిందె దించకుండానే పోయింది. సగం దూరంలో గొంతు. ఎవరి బిడ్డవు? పలకలేదు. నీడలో అడుగు పెట్టేసరికి అంత ఎండలోనూ ఒళ్లు చల్లబడిందట. ఎవరి బిడ్డవు? నాలుక అప్పుడే ఎండిపోతోంది, కడుపులో బిడ్డ కదలడం మానేసింది. మూడోసారి గొంతు చెవి పక్కనే. అప్పుడు మా అత్త ఏమందో తెలుసా?

"అది తరవాత చెబుతాలే తాతా, ముందు ఈయన్ని తాగనీ."

అని, ముసలాయన తల ఒళ్లో పెట్టుకుని దోసిలితో నీళ్లు పట్టింది.

ముసలాయన కళ్లు తెరిచాక మళ్లీ వచ్చింది గొంతు, ఈసారి ఏడుపులాగా. అక్కడ మోక్షం తలుపు దగ్గర మా తాత పేరు చెప్పానమ్మా, తియ్యలేదు, ఎవరికి నీళ్లు పోశావని అడిగారు, నాకు ఒక్క ముఖమూ గుర్తు రాలేదు, అందట. మా అత్త బిందెలో మిగిలిన నీళ్లు బావిలోకి వంచింది. ఎండిన బావి కదా, అడుగున పడ్డ చప్పుడు రావాలి. రాలేదు. గుటకలు వినిపించాయి. అప్పుడు కదిలాడు కడుపులో బిడ్డ.

లేఖనం చెప్పేదీ అదేగా? ఎవరి పాపం వాళ్లది, ఎవరి నీతి వాళ్లది. తండ్రి పేరు అడ్డమూ రాదు, ఆదుకోనూ ఆదుకోదు. ఏం, నవ్వుతారేం? మీలో సగంమంది ఆ దొంగ గంగులు నెత్తురే.

ఒక్క బిందెకి తీరే దాహమా అది? బావి ఇంకా అడుగుతూనే ఉంది. మధ్యాహ్నం పూట అటు పోకండి. పోక తప్పకపోతే వట్టి చేతులతో మాత్రం పోకండి. నేను చెప్పిందంతా మర్చిపోయినా మా అత్త చేసిన ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. రేపు మన గుమ్మంలో ఎవరన్నా దాహమంటే అలాగే చెయ్యండి. ముందు నీళ్లు. ఎవరి బిడ్డన్నది తాగాక అడుగుదురుగాని.