మూత మీది పేరు

చందానగర్‌లోని తన రిపేరు దుకాణంలో సత్తయ్య, పాత వాక్యూమ్ క్లీనర్ స్టీలు మూతను తోమి వెలుతురుకు పట్టుకున్నాడు.

"మోటారు తిరుగుతది మేడమ్. ఏ సంవత్సరందో కూడ దొరికింది. గిన్నెల మీద కొట్టిచ్చినట్టు దీని మీద కొట్టిచ్చిన్రు, చూడుండ్రి: నాగేశ్వరి, 1971."

"అమ్మయ్య! సంవత్సరం ఉంచి, పేరు అరగదీసెయ్యండి. హాల్లో షోకి పెడతాం. వచ్చినవాళ్లు ఎవరీ నాగేశ్వరి అంటే ఏం చెప్పుకుంటాం?"

"ఆ అమ్మకు తెలిస్తే మనసు కష్టమైతది కద మేడమ్."

"అడగండి. ఇందాక మీరు పనిమనిషి అనుకుని గొట్టం పట్టుకోమన్నారే, ఆవిడే. మా అత్తగారు."

సత్తయ్య గబుక్కున లేచి స్టూలు జరిపాడు. పెద్దావిడ కూర్చోలేదు. చేతిలోని గొట్టం నేలమీద పెట్టింది.

"సంవత్సరం కూడా అరగదీసెయ్యి నాయనా," అంది. "అది నా పెళ్లయిన సంవత్సరం."