దూది పెట్టిన బూట్లు

ఆ బూట్లు ఎవరివనేగా? మీ నానమ్మవి. పడెయ్యకు, అక్కడే ఉండనీ. ఇప్పుడంటే నువ్వు ఫోన్లో వేలు నొక్కితే సముద్రం అవతలి సరుకు గుమ్మంలోకొచ్చి పడుతోంది గానీ, అప్పట్లో మా అన్నయ్య, అదే మీ తాతయ్య, పైదేశం నుంచి ఆడవాళ్ళ బూట్లు తెప్పించి కొట్లో అమ్ముతానంటే అందరూ నవ్వారు. ఆయన ఒకరి మాట వింటే గదా! తీరా చూస్తే వాళ్ళ సైజుల లెక్క వేరు, మన లెక్క వేరు. ఏం చేశాడో తెలుసా? మా వదినను కాగితం మీద నించోబెట్టి, పాదం చుట్టూ పెన్సిల్‌తో గీసి, "మా ఊరి ఆడవాళ్ళ కాలు ఇదీ, దీన్నిబట్టి చిన్నవీ పెద్దవీ కుట్టండి" అని పంపించాడు. బొమ్మకి భాష అక్కర్లేదట! కాగితం వెళ్ళింది, ముందస్తు బయానా డబ్బూ వెళ్ళింది. తోలు ఒక దేశానిది, అడుగుభాగం ఇంకో దేశానిది, కుట్టింది మరోచోట. ఓడ దిగాక రేవులో సుంకాల వాళ్ళు పెట్టెలన్నీ విప్పి మళ్ళీ కట్టి... సరుకు చేతికొచ్చేసరికి మీ నాన్న పాకుతున్నాడు. అదీ సంగతి. ఆ గీత గీసినప్పుడు వదిన నిండు నెలల మనిషి. పాదాలు పొంగి దిండ్లలా ఉండేవి. మగాడికి అవన్నీ తడతాయా? నాకూ తట్టలేదులే.

మొదటి జత ఆవిడకే తొడిగాడు. వదులు! అయినా కొట్టంతా అటూ ఇటూ నడిచి, "కొలిచి కుట్టినట్టున్నాయండీ" అంది. వెనక్కి పంపే సరుకు కాదాయె, అమ్ముడుపోకపోతే కొట్టు మూసుకోవాల్సిందేనని ఆవిడకు తెలుసు. అది చూసి జనం కొన్నారు. మర్నాటి నుంచి మొదలు, "ఏమయ్యా, జారిపోతున్నాయే!" అని. "మా ఆవిడకి సరిపోలేదూ? మీ కాళ్ళే సన్నం. కాస్త దూది పెట్టుకోండమ్మా" అనేవాడు. జతకో దూది ఉండ ఊరికే! అలా ఊరంతా దూది మీద నడిచింది, కొట్టు నిలబడింది. వదిన కూడా చాటుగా దూది కుక్కుకునేది. ఒకసారి నా కంటబడితే, "మీ అన్నయ్యతో అనకయ్యా, చిన్నబుచ్చుకుంటారు" అంది. అనలేదు. బతికినన్నాళ్ళూ అవే తొడుక్కుంది. ఆవిడ పోయాక ఒకరోజు అన్నయ్య ఆ బూట్లు తుడుస్తూ కూర్చున్నాడు. దూది బయటపడుతుందని, నేను తుడుస్తానంటూ చెయ్యి చాపాను. ఆయనేమో తాపీగా పాత దూది లాగేసి, జేబులోంచి కొత్తది తీసి వేళ్ళ దగ్గర సర్దాడు. "అప్పుడప్పుడూ మార్చాలిరా, గట్టిపడితే మీ వదిన కాలికి గుచ్చుకుంటుంది" అన్నాడు. ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడల్లా మార్చేవాడట. అంటే, తను పెట్టిన దూది కొత్తదైపోతుంటే ఆవిడకీ తెలిసే ఉండాలి కదా! ఒక్కరూ నోరు విప్పలేదు...

ఇంతకీ నీ బూట్లు ఏ దేశానివి? ఇలా రా, వేళ్ళ దగ్గర నొక్కి చూడనీ.