పన్నెండు తాళాలు

ముందు గది. గోడకి తెల్లబోర్డు, దాని ముందు వదిన, కుర్చీలో మరిది. లోపలి గది తలుపు ఓరగా వేసి ఉంది. మధ్యాహ్నం మూడు గంటలు.

"మస్ట్ టూ కాదు నాయనా, మస్ట్ టూ కాదు! ఇది నాలుగోసారి. మస్ట్ పక్కన టూ రాదు."

"వాంట్ పక్కన వస్తుంది కదా వదినా."

"వాంట్ దారి వేరు, దీని దారి వేరు. కెన్, కుడ్, షుడ్, మైట్, మస్ట్... వీటి పక్కన వచ్చే క్రియకి ముందు టూ ఉండదు, వెనక ఎస్ ఉండదు. కొత్త కోడలిలా నోరెత్తకుండా నిలబడాలి."

"నువ్వలా నిలబడ్డావా ఏంటి, ఈ ఇంట్లో?"

"నవ్వులాటకి రాలేదు నువ్వు. రేపు పదింటికి విచారణ. ఆ ఆఫీసరుకి తెలుగు ముక్క రాదు."

"అందుకేగా నీ దగ్గరికొచ్చా."

"ఇప్పుడా రావడం? ఫ్యాక్టరీలో మీ అన్నయ్య చెయ్యి రోలర్ల మధ్య పడి ఇరవై రోజులైంది. ఆస్పత్రికి రెండుసార్లు వచ్చావు, రెండుసార్లూ గుమ్మం దగ్గర్నించే పోయావు. ఇంటికి రావడం ఇదే మొదలు. అదీ అన్నయ్య కోసం కాదు, ఇంగ్లీషు కోసం!"

"డ్యూటీ వదినా. మనుషులు తక్కువున్నారు, అందుకని..."

"మూడు వేళ్లు తీసేశారు. ఎడం చేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు ఆ మనిషి. నీకు డ్యూటీ!"

"పడుకున్నాడా అన్నయ్య?"

"పడుకున్నాడు. మాట మార్చకు. రేపు ఏం చెప్తావో ముందు తెలుగులో చెప్పు."

"ఎవరో మిషను ఆన్ చేసి ఉంటారు."

"చేసి ఉంటారు. అంటే నువ్వు చూళ్లేదు, ఊహిస్తున్నావు. సమ్‌బడీ మస్ట్ హావ్ స్టార్టెడ్ ది మెషీన్. ముందు మస్ట్, తర్వాత హావ్, ఆ తర్వాత స్టార్టెడ్. వరస తప్పకూడదు. అను."

"సమ్‌బడీ మస్ట్ హావ్ స్టార్ట్..."

"స్టార్టెడ్!"

"స్టార్టెడ్. మరీ గట్టిగా ఉందేమో వదినా. కొంచెం మెత్తగా చెప్పాలంటే?"

"మైట్ హావ్. చేసి ఉండొచ్చు, చేయకపోయీ ఉండొచ్చు. అయినా మెత్తగా దేనికి? నువ్వు అక్కడే ఉన్నావు కదా?"

"ఉన్నా... అంటే, అటువైపు ఉన్నా."

"ఎటువైపు?"

"స్విచ్చుల వైపు. అవతల."

"స్విచ్చుల వైపు ఉన్నవాడివి, స్విచ్చు నొక్కినవాణ్ణి చూళ్లేదా?"

"గోలగా ఉంటుంది వదినా అక్కడ."

"గోలకి వినపడదు గానీ కనపడకపోవడమేంటి?"

"ఇంకోటి చెప్పు. అన్నయ్య చూసుకోవాల్సింది అని ఎలా అనాలి?"

"ఏంటీ?"

"ఊరికే. వాళ్లు అడిగితే..."

"హీ షుడ్ హావ్ చెక్డ్. రాసుకో. మొగుణ్ణి తప్పుపట్టే వాక్యం మరిదికి నేనే నేర్పుతున్నా, నా ఖర్మ! అయినా అందులో అబద్ధమేముంది? ఈ ఇంటి తలుపుకి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడు. వీధి చివరిదాకా వెళ్లి, అనుమానం వచ్చి వెనక్కొచ్చి మళ్లీ లాగుతాడు. అలాంటివాడు అక్కడ మాత్రం..."

"ఆ తాళం గురించి కూడా ఒక ముక్క కావాలి వదినా. ఎవరో పొరపాటున తీసి ఉండొచ్చు. సమ్‌బడీ మైట్ హావ్ ఓపెన్డ్ ది లాక్. సరిగ్గా అన్నానా?"

"సరిగ్గానే అన్నావు."

"హమ్మయ్య."

"ఏ తాళం?"

"ఆఁ?"

"ఏ తాళం అంటున్నా."

"అదే, రూలుంది కదా. మిషన్లోకి దిగేవాడు మెయిన్ స్విచ్చుకి తన తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగాలి. తనే వచ్చి తీసేదాకా ఎవరూ ఆన్ చేయకూడదు."

"రూలు నాకూ తెలుసు. ఆస్పత్రి మంచం మీంచి మీ అన్నయ్య చెప్పాడు, నేను ఇంగ్లీషులో రాశాను, ఎడం చేత్తో సంతకం పెట్టాడు. 'ఆ రోజు నేను తాళం వేయలేదు. వేయాల్సింది. మర్చిపోయాను.' తప్పు తనదే అని రాసిచ్చాడు కాబట్టి రేపట్నించి ఉద్యోగం ఉండదు, నష్టపరిహారమూ రాదు. ఎంత బతిమాలినా మాట మార్చలేదు. ఆయన వేయనే వేయని తాళాన్ని ఎవడు తీస్తాడు?"

"మైట్ హావ్ తర్వాత ఓపెన్డే కదా వదినా?"

"నిన్నే! ఎవడు తీస్తాడు?"

"వేసినట్టు గుర్తు నాకు."

"చూశావా?"

"చూసి ఉండొచ్చు."

"ఉండొచ్చు గిండొచ్చు నా దగ్గర కాదు! చూశావా, లేదా?"

"చూశా. అరవకు వదినా, అన్నయ్య లేస్తాడు."

"లేవనీ! ఎవడు తీశాడు?"

"పొద్దున ఆ మిషనుకి నేనూ ఒకసారి తాళం వేశా. పనయ్యాక తీయడం మర్చిపోయాననుకున్నా. నాదే అనుకున్నా వదినా, ఒట్టు. తాళానికి కట్టిన చీటీ మీద పేరు గ్రీజు పట్టి కనపడలేదు. మిషను ఎందుకాగిందని ఇన్‌చార్జి ఒకటే కేకలు. తాళంచెవి పెట్టి తిప్పితే వచ్చేసింది. వచ్చిందంటే నాదే కదా అని... నొక్కేశా."

"నువ్వు."

"నేనే."

"ఆ తాళం ఏది?"

"ఇదిగో."

"ఇరవై రోజులుగా జేబులో పెట్టుకు తిరుగుతున్నావా!"

"ఎక్కడ పారేయాలో తెలీలేదు వదినా. ఇంటికెళ్లి చీటీ తుడిచి చూస్తే అన్నయ్య పేరు."

"సిగ్గుందా నీకు? ఎవరో, ఎవరో అంటూ నా ఇంట్లో, నా బోర్డు మీద, నా చేతే రాయిస్తావా? నా మొగుడిదే తప్పని చెప్పడం నా దగ్గరే నేర్చుకుంటావా?"

"చెప్దామనే ఆస్పత్రికి వచ్చా. ఆ కట్టు చూసి గుమ్మం దగ్గర్నించే వెళ్లిపోయా."

"గుమ్మంలోంచైనా నోరు విప్పలేవా? ఆయనకి తెలుసా ఇది?"

"తెలీదనుకున్నా. ఇప్పుడు నువ్వు చెప్తుంటే..."

"తెలిసే రాయించాడు! తాళమే లేదంటే తీసినవాడూ ఉండడుగా. నీ మీదకి రాకుండా అంతా తన నెత్తిన వేసుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి నన్ను గుమాస్తాని చేశారు. సెలవు చీటీ నా చేతే, అర్జీ నా చేతే, చివరికి అబద్ధం కూడా నా చేతే రాయించారు!"

"రేపు నిజం చెప్తా వదినా. నేర్పు."

"అక్కర్లేదు, దానికి నా క్లాసు అక్కర్లేదు. ఆగు. ఆయన తాళం నీ తాళంచెవికి ఎలా వచ్చింది?"

"అన్నిటికీ ఒకటే వదినా. పన్నెండు తాళాలు. పన్నెండు మంది జేబుల్లోనూ అదే."

"ఎవడిది వాడికి ఉండాలనే కదా రూలు! అందరి దగ్గరా అదే ఉంటే ఇంక ఆ తాళం ఎందుకు, ముచ్చటకా?"

"తాళంచెవులు పోయేవి. ఒకడు ఇంటికి పట్టుకుపోతే పూటంతా మిషను ఆగేది. అందుకని..."

"అందుకని ఇలా చేయించిన మహానుభావుడెవడు?"

"పాత సంగతి వదినా. రెండేళ్లయింది."

"ఎప్పుడని అడగలేదు, ఎవడని అడిగా. రేపు నీతోపాటు వాణ్ణీ నిలబెడతా. నేనూ వస్తా. ఒక్క షుడ్డు, ఒక్క మైటు లేకుండా కడిగేస్తా వాణ్ణి. ఎవడు?"

"వద్దు వదినా. నన్ను తిట్టు, చాలు."

"ఆయన నిన్ను కాపాడతాడు, నువ్వు ఇంకెవణ్ణో కాపాడతావు! నా మొగుడి చెయ్యి పోగొట్టిన తెలివి ఎవడిదో నాకు తెలియాలి. పేరు చెప్పు!"

"వదినా, తలుపు... అన్నయ్య లేచాడు."

"లేస్తే లేవనీ! ఆయన ముందే చెప్పు. ఎవడా వెధవ?"

"వాణ్ణి వదిలెయ్, నేనేనే. అన్నిటికీ ఒకటే తాళంచెవి ఇప్పించమని ఆఫీసుకి అర్జీ పెట్టింది నేను. ఆల్ లాక్స్ షుడ్ హావ్ వన్ కీ అని, ఇదే గదిలో కూర్చుని నాకు ఇంగ్లీషులో రాసిచ్చింది నువ్వు."