శాలువా మీద పడ్డ మంచు

గిలకలదిండి. పొద్దున్నే వాకిట్లో రాజకుమారి ముగ్గు పెట్టడానికి కూర్చుంది. అరుగు మీద ఆమె మొగుడు పోతయ్య టీ తాగుతున్నాడు. బోటు నడిపే సరంగు అతను.

"మాట మార్చకు మావా. నిషేధం అయిపోయి ఎల్లుండి మళ్ళీ చేపల వేట మొదలు. ఈలోపు కంటి డాక్టరు దగ్గరికి వస్తావా, రావా?"

"నా కళ్ళకేమైందే? దివ్యంగా ఉన్నాయి."

"మార్చిలో బోటుని ఇసకమేట మీదకి ఎక్కించినప్పుడూ దివ్యంగానే ఉన్నాయా?"

"అది నీళ్ళు లాగేసిన టైము. వెళ్ళి సముద్రాన్ని అడుగు."

"సముద్రానికేం, దానికి కళ్ళజోడు అక్కర్లేదు. ఈసారి బోటులో ఏడుగురు. చిన్నబాబు కూడా ఎక్కుతున్నాడు. వాడు నీ కొడుకేగా?"

"నీకూ కొడుకే అనుకుంటా."

"అందుకే అడుగుతున్నా."

"అబ్బ, పొద్దున్నే మొదలెట్టావా! ముగ్గు చూసుకో. చుక్కలు వంకరపోతున్నాయి."

"అక్కణ్ణించి కనపడుతున్నాయా?"

"కనపడక?"

"నేనింకా చుక్కలు పెట్టలేదు మావా."

"...ముందు జాగ్రత్తకి చెప్పానే."

"సర్లే. మొన్న కేదారం యాత్రలో మన మీద మంచు పడిందే, ఆ ముగ్గు వేద్దామనుకుంటున్నా. సరి చుక్కలు పెట్టనా, సందు చుక్కలు పెట్టనా?"

"నన్నడుగుతావేంటే? నువ్వూ చూశావుగా."

"నేనేదో చూశాన్లే. నీవి దివ్యమైన కళ్ళు కదా. చెప్పు, ఎన్ని రేకులు?"

"ఆరు."

"ఎనిమిది కాదూ?"

"ఆరే. మంచంటే ఎప్పుడూ ఆరే. సందు చుక్కలు పెట్టు, ఆరు మూలలూ వాటంతటవే వస్తాయి."

"అబ్బో! ముగ్గులు కూడా తెలుసే!"

"ముప్పై ఏళ్ళుగా తొక్కకుండా దాటుతున్నా, తెలీదా మరి?"

"ఒక్కోటి ఎంతుంటుంది?"

"చేప పొలుసంత. నీ శాలువా మీదే పడిందిగా, దగ్గరగా చూశా. ఒక్కో రేకుకీ అటూ ఇటూ దువ్వెనకున్నట్టు పళ్ళు. ఎంత నాజూకో!"

"ఒకటే పడిందా?"

"ఒకటేంటే, వందలు పడితే!"

"అన్నీ రేకులవేనా?"

"అన్నీ."

"ఒట్టు?"

"నీ మీదొట్టు."

"నా మీద వెయ్యకు మావా, నాకింకా బతకాలనుంది."

"ఏం, ఏమైంది?"

"ఆ రోజు పడ్డ వాటిలో ఒక్కదానికీ రేకుల్లేవు. అన్నీ సూదులే. నెత్తళ్ళ చేపల ముళ్ళంత సన్నగా, తెల్లగా."

"సూదులేంటే? మనవరాలి సైన్సు పుస్తకంలో శుభ్రంగా ఆరు రేకులు..."

"ఆహా. పుస్తకంలో చూశావన్నమాట."

"అంటే... అందులోనూ చూశా."

"నేనూ రేకులే ఉంటాయనుకున్నా. అందుకే మన బస్సులో టీచరమ్మ ఉమాశ్రీ గారిని అడిగా. చలి బాగా ముదిరితే రేకులు తొడుగుతుందట. కాస్త తగ్గితే సూదులట. ఒక్కోసారి రేకుల్లేని ఆరు మూలల బిళ్ళలు, పెన్సిలు ముక్కల్లాంటివీ పడతాయట. ఆ రోజు మన వంతుకి సూదులొచ్చాయి."

"ఆవిడ వేరే చోట చూసుంటుంది."

"ఆవిడా నా శాలువానే చూసింది. అదే శాలువా చాపి నీ మొహం ముందు పెట్టాను. 'అబ్బ, ఎంత బాగున్నాయో' అన్నావు."

"బాగానే ఉన్నాయిగా మరి."

"మావా."

"ఊఁ."

"ఎన్నాళ్ళనించి?"

"...దీపావళి ముందునించి. డాక్టరు చూస్తే బోటు ఎక్కద్దంటాడేమోనని భయమేసిందే."

"శుక్లాలే అయ్యుంటాయి, ఆపరేషన్ చేస్తే మళ్ళీ ఎక్కుతావు. ఇలాగే ఎక్కితే ఏడుగుర్నీ ముంచుతావు."

"సరే, పద. చొక్కా వేసుకొస్తా."

"ఏంటీ! ఇంత తొందరగా ఒప్పుకున్నావు? కొడుకు కోసమా?"

"వాడి కోసమూ అనుకో. మంచు సంగతి వదిలెయ్. ఆ రోజు నువ్వు అందులో నిలబడి చిన్నపిల్లలా నవ్వావంట, బస్సులోవాళ్ళంతా ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. నాకది కనపళ్ళేదే రాజీ."