కోటలోంచి వచ్చిన కోటు

"టీ తాగండి బావగారూ, మీ కోటు ఎక్కడికీ పోదు. అసలు కోటు అనే మాట ఎలా పుట్టిందో తెలుసా? ఇంగ్లీషువాళ్ళది అనుకుంటారు అందరూ. కాదు, నాది. నేనేదో గొప్ప దర్జీనని కాదు, నేను కుట్టిన జాకెట్టుని మా ఆవిడే పక్కవీధికి తీసుకెళ్ళి సరిచేయించుకుంటుంది, ఆ సంగతి మా అక్క మీ చెవిన వేసే ఉంటుంది. కానీ కోటు మాట మాత్రం నా చలవే," అన్నాడు దర్జీ, టీ కొట్టులో కూర్చుని.

"సాయంత్రమే నా వీడ్కోలు సభ," అన్నాడు బావగారు. "ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసి ఇవాళ మొదటిసారి కోటు వేసుకోబోతున్నాను. మీ అక్క గుడ్డ ఇచ్చి నెలయింది."

"అందుకే చెప్తున్నా. పని నేర్చుకున్న కొత్తల్లో ఓ రాజుగారి కోటకి గుండీ కుట్టడానికి వెళ్ళాను. ఒక్క గుండీ, అంతే. అదీ రెండుసార్లు ఊడింది. రాజుగారేమో చలికి గజగజా వణుకుతున్నాడు, కోట దాటి అడుగు బయటపెట్టడు. అయ్యా, మీరు కోట వదల్లేకపోతే కోటే మీతో వస్తుంది అన్నాను. టేపు తీశాను, బురుజు బురుజుకీ కొలతలు తీసుకున్నాను."

"మెడ కొలత ఎక్కడ తీసుకున్నావు?" అడిగాడు పక్కనే టీ తాగుతున్న పోస్టుమాన్.

"జెండా కర్ర దగ్గర. మధ్యలో మాట్లాడకు. గోడలు చేతులయ్యాయి, తలుపులు గుండీలయ్యాయి. రాజుగారు కోట తొడుక్కుని షికారుకెళ్ళాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? శత్రువులు దండెత్తి వస్తే అక్కడ కోట లేదు. మూడు రోజులు వెతికి వెతికి, చివరికి తెలీక రాజుగారి ఎడమ జేబులో దూరారు. సైన్యం ఎలాగో బయటపడింది గానీ ఏనుగు ఒకటి ఇంకా అందులోనే ఉంది."

టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపేశాడు. "మరి ఇంగ్లీషులోకి ఎలా వెళ్ళింది?"

"అప్పుడే ఓ ఇంగ్లీషాయన వచ్చి ఇదేంటని అడిగాడు. కోట అన్నాను. పాపం, చలికి పళ్ళు కరుచుకుపోయి, చివరి అకారం నోట్లోనే ఉండిపోయింది. కోట్ అన్నాడు. మనవాళ్ళు దానికో కొమ్ము తగిలించి కోటు చేసుకున్నారు."

బావగారు గ్లాసు బల్లమీద పెట్టాడు. "సరే, కోటు కోటలోంచే వచ్చింది, ఒప్పుకున్నాను. నా కోటు నీ కొట్టులోంచి ఎప్పుడొస్తుంది?"

దర్జీ ఎదురుగా ఉన్న తన కొట్టు వైపు చూశాడు. అతనికి సిగ్గేసింది.

"గుడ్డ ఇంకా కొయ్యలేదు బావగారూ. బుద్ధెరిగాక నేను ఒక్క కోటూ కుట్టలేదు. అక్క అంత ముచ్చటపడి కొన్న గుడ్డమీద కత్తెర పెట్టాలంటే భయమేసింది."

"మరి నెల రోజులుగా ఏం కోస్తూ కూర్చున్నావు?"

"ఇప్పటిదాకా మీరు విన్నవే."